పెళ్ళికూతురి నెమ్మదిగీత

బుగ్గన చుక్క, చేతులకు పసుపు, పాదాలకు పారాణి, జడలో సంపెంగలు. ఇంత సింగారించుకుని తలగూళ్ళ గదిలో బల్ల ముందు కూర్చున్న నూకరత్నం, నావ నడిపేవాళ్ళు తలకు తొడుక్కునే తలగూడు ఒకటి తీసుకుని వేలికణుపుతో తట్టి చెవి దగ్గర పెట్టుకుంది. నుదుటి వైపు గట్టిగా పలికింది. కణత దగ్గరకు వచ్చేసరికి మాత్రం మగ్గిన కాయను తట్టినట్టు మెత్తగా పలికింది. అనుమానం తీరక ఇంకోసారి తట్టింది. అదే చప్పుడు.

“బాబాయ్, దీన్ని పక్కన పెట్టీయ్. లోపల పొర విడిపోయింది. పైకి చూస్తే ఏమీ ఎరగనట్టు ఎంత నున్నగా ఉందో చూడు!”

సామాన్ల అధికారి ముఖలింగం దాన్ని అందుకుని, వాడకూడదన్న గుర్తుగా ఎర్రతాడు కట్టాడు. “పెళ్ళికూతుర్ని చేసాక గడప దాటకూడదంటారమ్మా. నువ్వేటి, తిన్నగా డ్యూటీకి వచ్చీసావు?”

“నేను రాకపోతే పెళ్ళికొడుకు ఎలగొస్తాడు? ఈదుకుంటూనా?”

ముఖలింగం నవ్వాడు గానీ, ఆమె అన్నదాంట్లో అబద్ధమేమీ లేదు. సముద్రం ముందుకొచ్చి బీచి రోడ్డును మింగేశాక ఆ తీరంలో ఊళ్ళన్నీ దిబ్బలుగా మిగిలాయి. ఒక దిబ్బ నుంచి ఇంకో దిబ్బకు గాలినావలే దిక్కు. బడికెళ్ళే పిల్లలూ, చేపల బుట్టలూ, మందుల పెట్టెలూ, పెళ్ళివారూ అందరూ వాటిలోనే తిరగాలి. రాత్రికి నావలన్నీ రేవుపాలెం గాలిరేవుకు చేరతాయి. పొద్దున నూకరత్నం తలగూళ్ళను పరీక్షించి ఇస్తేగాని ఒక్కటీ పైకి లేవదు. పెళ్ళికొడుకు తవిటినాయుడు ఉండేది ఉప్పుదిబ్బలో. అక్కడి బడిలో పిల్లలకు పాటలు నేర్పుతాడు. పెళ్ళి మాత్రం ఈ గాలిరేవు హాల్లోనే, మధ్యాహ్నం భోజనాల ముందు ముహూర్తం. నావలు వెళ్ళి అతన్నీ అతని చుట్టాలనూ తీసుకురావాలి. నూకరత్నానికి బదులు రావలసిన ఆవిడకు నిన్న సాయంత్రం జ్వరం తగిలింది. జ్వరం తలను తలగూడు ఒప్పుకోదు. అందుకే పెళ్ళికూతురు పారాణి ఆరకముందే పనిలోకి దిగింది.

గాలినావకు చుక్కాని ఉండదు, మీటలూ ఉండవు. నడిపేవారిని పాత పడవల మాటతోనే సరంగు అంటారు. సరంగు తలగూడు పెట్టుకుని ఎటు వెళ్ళాలో తలచుకుంటే నావ అటు వెళ్తుంది. వినడానికి ఎంత సులువో, దానిలో అంత ప్రమాదమూ ఉంది. మనిషి తలలో ఒక్క తలపే ఉండి చస్తుందా? ఇంట్లో గొడవా, పంటినొప్పీ, నిన్న ఎవరో అన్న మాటా అన్నీ కలిసి నావను ఊపేస్తాయి. అందుకని తలగూడు లోపలి మెత్తలో ఒక నెమ్మదిగీత పెడతారు. నిలకడ గల ఒక మనిషి తలలోంచి పట్టిన ప్రశాంతత అది. సరంగు మనసు దాని నుంచి పక్కకు జరిగినప్పుడల్లా మెత్త కణతలను సున్నితంగా నొక్కి, ఆ నెమ్మదిని గుర్తు చేసి వెనక్కి తెస్తుంది. మనసు మరీ దూరం పోతే నావ తనంతట తానే కిందికి దిగిపోతుంది. ప్రతి రాత్రీ చెమట వదిలేలా మెత్తను కడుగుతారు. కడగగానే గీత చెరిగిపోతుంది. కాబట్టి ప్రతి పొద్దునా కొత్తగా పట్టాలి.

ఆ గీత పట్టేది నూకరత్నం. తీరం మొత్తంలో అంత నెమ్మదితల ఇంకొకటి లేదని ఆమెకు పేరు. తలను ఖాళీ చేసుకోవాలనీ, అందుకు ఆకాశాన్ని తలచుకోవాలనీ శిక్షణలో చెప్పారు. ఆమెకు ఆకాశం కుదరలేదు. ఆకాశాన్ని తలచుకుంటే మబ్బులొచ్చేవి, మబ్బులొస్తే ఆరేసిన బట్టలు గుర్తొచ్చేవి. చివరికి విసుగెత్తి, చిన్నప్పుడు తనను పెంచిన పెద్దమ్మ పక్కన కూర్చుని చేటలో బియ్యం ఏరుతున్నట్టు ఊహించుకుంది. తెల్లటి గింజల మధ్య ఒక నల్లరాయి. తీసి పక్కకు విసరడం, చేటను కుదపడం, మళ్ళీ వెతకడం. గీత దారం లాగి పట్టినట్టు తిన్నగా నిలిచింది. అప్పటి నుంచీ అదే ఆమె పద్ధతి. ఇప్పటి బియ్యంలో రాళ్ళుండవు, చేట అంటే ఏమిటో సగం మందికి తెలియదు. ఎవరూ అడగలేదు కాబట్టి ఆమె ఎవరికీ చెప్పలేదు.

ముఖపు అద్దాలను వెలుతురుకు పట్టి గీతలు పడ్డాయేమో చూసింది. గడ్డం పట్టీలను తన బరువంతా వేసి లాగింది. చెవులను మూసే దొన్నెల అంచులు తడిమి, గాలి దూరే సందు లేదని తేల్చుకుంది. ఇక గీతలే మిగిలాయి. సంపెంగలు తీసి బల్ల మీద పెట్టి, మొదటి తలగూడు తగిలించుకుని తెల్లగోడ వైపు తిరిగింది.

పెద్దమ్మ వచ్చింది. చేట వచ్చింది. బియ్యమూ వచ్చాయి. కానీ అవి పసుపు కలిపిన తలంబ్రాలు. చేటకు అవతల తవిటినాయుడు బాసికం కట్టుకుని కూర్చుని ఒకటే నవ్వు.

“మనసు నిలకడగా లేదు,” అంది తలగూడు, గ్రంథాల భాషలో, ఎంతో మర్యాదగా. “కారణము తెలుపగలరు. భయమా?”

“కాదు.”

“దుఃఖమా?”

“ఛీ, కాదు!”

“జ్వరమా?”

“జ్వరమూ లేదు, గిరమూ లేదు. ఇవాళ నా పెళ్ళి!”

“మీరు తెలిపిన కారణము నా ఎరుకలో లేదు. దయచేసి విశ్రాంతి తీసుకొనుడు.”

ముఖలింగానికి నవ్వాగలేదు. నూకరత్నం మాత్రం నవ్వలేదు. మంచినీళ్ళు తాగి వచ్చి మళ్ళీ కూర్చుంది. ఈసారి తవిటినాయుడు చేట పట్టుకుని పాట కూడా అందుకున్నాడు. తలగూడు మళ్ళీ భయమా, దుఃఖమా, జ్వరమా అని వరస పెట్టింది. ఆమె దాన్ని తీసి బల్ల మీద పెట్టేసింది.

ఆమె భయం పెళ్ళి ఆగిపోతుందని ఒక్కటే కాదు. గాలినావల శాఖ డాక్టరు ఒకసారి నవ్వుతూనే అన్న మాట ఆమె గుండెలో ముల్లులా ఉండిపోయింది. నెమ్మదితల ఉన్నవాళ్ళు ప్రేమలో పడితే గీత వంకరపోతుందట, అది మళ్ళీ తిన్నబడడం కష్టమట. ఆ మాటకే జడిసి ఆమె తవిటినాయుడికి ఎన్నాళ్ళో జవాబు చెప్పకుండా తిప్పింది. ఆయన అడగడం మానలేదు, తొందరపెట్టనూ లేదు. ప్రతి సెలవుకూ బడి పిల్లలను తలగూళ్ళు చూపించడానికని వెంటబెట్టుకొచ్చేవాడు. పిల్లలకే విసుగొచ్చింది. చివరికి ఆమె సరేనంది. ఇప్పుడు డాక్టరు మాట నిజమై కూర్చుంది. ఈ పని చేయలేని నూకరత్నం ఎలా ఉంటుందో ఆమె ఊహకు అందలేదు.

మాటపలక మోగింది. తెర మీద బాసికంతో తవిటినాయుడు, వెనకాల డప్పులు.

“రత్నం, ఇక్కడందరం తయారు. మా మావయ్య అప్పుడే ఒక ఆట ఆడీసాడు. నావలేవీ?”

“కొంచెం ఆలస్యమవుతాది మేస్టారూ.”

“గాలేటైనా తేడాగా ఉందా?”

“గాలి బాగానే ఉంది. నేనే బాగోలేను. మీరు నవ్వకండి. మీరు నవ్వుతుంటే నాకు గీత పడట్లేదు.”

ఆయన చప్పున నవ్వాపి, మొహం ముడుచుకుని, చేతులు కట్టుకుని నిలబడ్డాడు. ఆ వాలకం చూసి ఆమెకే నవ్వొచ్చింది. మాటపలక కట్టేసింది.

బయట హాల్లో జనం పోగయ్యారు. బడి పిల్లలు కేరింతలు కొడుతున్నారు. ఆలస్యమైతే వాళ్ళకు పండగే. సరంగులు మాత్రం తలగూళ్ళ గది గుమ్మం ముందు కాలుగాలిన పిల్లుల్లా తిరుగుతున్నారు. వాళ్ళందరికీ ఒక అలవాటుంది. బొటనవేలూ చూపుడువేలూ కలిపి, గాలిలోంచి దేన్నో తీసినట్టు తీసి పక్కకు విసురుతుంటారు. ఎక్కువసేపు చేతులకు పని లేకుండా కూర్చోవడం వల్ల వచ్చిన అలవాటని డాక్టర్లు తేల్చారు. తీరంలో పిల్లలు సరంగాట ఆడితే అలాగే వేళ్ళు విసురుతారు. నూకరత్నమూ చాలాసార్లు చూసింది, పట్టించుకోలేదు.

“ఏటే గుంటా, లోపల మెత్తలు కుట్టుకుంటన్నావేటి?” అంటూ ఎర్రయ్యమ్మ గుమ్మంలోకి వచ్చింది. సరంగులందరిలోకీ పెద్దది. నేల మీద ఉన్నంతసేపూ ఆమె నోటికి అందరూ హడల్. గాలిలోకి లేచిందంటే మాత్రం ఒడిలో పిల్ల కూడా కదలదు, అంత మెత్తగా నడుపుతుంది. ఇవాళ పెళ్ళికని చేతుల నిండా మట్టిగాజులు వేసుకుంది.

“గీత పడట్లేదప్పా. తల నిలవట్లేదు.”

“ఎందుకు నిలవదు? భయమేస్తందా?”

“నువ్వు కూడా మొదలెట్టకు! సంతోషంగా ఉంది, అదీ బాధ.”

ఎర్రయ్యమ్మ విరగబడి నవ్వింది. “అయితే ఆ సంతోషాన్నే పెట్టీయ్! మేమూ కులాసాగా పోయొస్తాం.”

“పెట్టను,” అంది నూకరత్నం. “నా సంతోషం మీ తలల్లో పెడితే, గాలి అడ్డం తిరిగినప్పుడు కూడా మీరు నవ్వుతూ కూర్చుంటారు. నావ నిండా పిల్లలుంటారప్పా. నా పెళ్ళి ఆగినా పరవాలేదు, అలాంటి గూడు నేనివ్వను.”

ఎర్రయ్యమ్మ నవ్వు ఆగిపోయింది.

ముఖలింగమే ఒక దారి గుర్తు చేశాడు. తనిఖీ అధికారి, అంటే నూకరత్నం, తన ఎదుట వేరొకరి తలతోనైనా గీత పట్టించవచ్చని నిబంధనల్లో ఉంది. ఎవరూ వాడని నిబంధన అది. మామూలు మనుషుల తలలు గీత దరిదాపులకు కూడా రావని అందరికీ తెలుసు. అయినా చూద్దామని ముందు ముఖలింగమే తలగూడు పెట్టుకున్నాడు. అది ప్రశ్నలు కూడా అడగకుండా, వెంటనే తీసివేయవలసిందని బతిమాలుకుంది.

“నా బుర్ర ఎప్పుడూ సంతరోజేనమ్మా,” అన్నాడాయన.

హాల్లో ఉప్పుదిబ్బ వెళ్ళే ధ్యానం గురువు ఒకాయన ఉన్నాడు. నేనుండగా మీకెందుకు దిగులని వచ్చి, పంచె సర్దుకుని కూర్చుని కళ్ళు మూసుకున్నాడు. గుమ్మం నిండా జనం తొంగిచూస్తున్నారు.

“భయమా?” అంది తలగూడు.

“యంత్రంలో ఏదో లోపముంది,” అన్నాడు గురువు. పిల్లలు పకపకా నవ్వారు. పాపం, అంతమంది చూస్తుంటే ఆయనకు నిజంగానే భయమేసింది.

“ఇటియ్యి. నేను పెట్టుకుంటాను,” అంది ఎర్రయ్యమ్మ.

ఈసారి సరంగులు నవ్వారు. ఎర్రయ్యమ్మా, నెమ్మదిగీతా! సరంగుల తలలు నిలవవు కాబట్టే వాళ్ళకు గీత పెడుతున్నామని అందరి నమ్మకం. ఎర్రయ్యమ్మ నవ్వినవాళ్ళను పేరుపేరునా తిట్టి, ఒక తలగూడు లాక్కుని పెట్టుకుని తెల్లగోడ ముందు కూర్చుంది. ముందు ఆమె భుజాలు కిందికి దిగాయి. తరవాత పెదవులు కదలడం ఆగింది. ఒళ్ళో ఉన్న కుడిచెయ్యి మెల్లగా లేచింది. బొటనవేలూ చూపుడువేలూ కలిసి దేన్నో పట్టుకుని, తీసి, పక్కకు విసిరాయి. ఎడమచెయ్యి దేన్నో కుదిపింది.

తలగూడు పక్కనున్న చిన్న తెర మీద గీత తిన్నగా సాగిపోయింది.

“నిలకడ సరిపోయినది. గీత పట్టబడినది,” అంది తలగూడు.

ముఖలింగం చప్పట్లు కొట్టబోయి ఆగాడు. నూకరత్నం ఆ గీతను చూడడం లేదు. ఎర్రయ్యమ్మ వేళ్ళనే చూస్తోంది. ఎడమచెయ్యి చేటను కుదిపినట్టు కుదపడం ఆమె ఇంతవరకూ చూడలేదు. కుడిచేత్తో విసరడం చూసింది, ఈ ఎడమచెయ్యి చూడలేదు.

“అప్పా,” అంది మెల్లగా. “ఏటి కనబడతంది నీకు?”

“ఏదో తెల్లటివి. బోలెడున్నాయి. మధ్యలో నల్లటిదొకటి ఉంటాది. అది తీసీయాలి. తీస్తే ఇంకోటుంటాది.”

“పక్కనెవరైనా ఉన్నారా?”

ఎర్రయ్యమ్మ తల పక్కకు వంచి చెవి ఒగ్గింది. “మనిషి కనబడదు. గాజుల చప్పుడు వినబడతాది. నావి కావు.”

నూకరత్నం దగ్గరకు జరిగింది. పెద్దమ్మ చేతుల నిండా గాజులుండేవి. చేట కుదిపినప్పుడల్లా గలగలమనేవి. ఆ సంగతి నూకరత్నం ఎవరికీ చెప్పలేదు, తవిటినాయుడికి కూడా.

“నాకూ కనబడతాయి,” అన్నాడు గుమ్మంలో సన్యాసిరావనే సరంగు, కాస్త సిగ్గుపడుతూ. “నేను ముత్యాలనుకున్నాను.”

“నేను ఉప్పనుకున్నాను,” అంది ఇంకో సరంగు. “మా అబ్బాయి పరీక్షల రోజు కాలూ చెయ్యీ ఆడకపోతే కళ్ళు మూసుకుని అవే ఏరుకున్నాను. ఎవరికైనా చెప్తే పిచ్చిదంటారని ఊరుకున్నాను.”

“నేను ఊసులాడకుండా కూర్చున్నానంటే నా పెళ్ళాం, మళ్ళీ ఏరడం మొదలెట్టావా అంటాది,” అన్నాడు వెనకనుంచి మరొకడు.

తలగూడు కణత నొక్కి గుర్తుచేస్తుందని దాన్ని తయారుచేసినవాళ్ళకు తెలుసు. ఏళ్ళ తరబడి గుర్తుచేస్తే మనిషి నేర్చుకుంటాడని మాత్రం వాళ్ళు అనుకోలేదు. కడిగితే మెత్తలో గీత పోయేది గాని మనుషుల్లో పోలేదు.

“అవి ముత్యాలు కాదురా, ఉప్పూ కాదు,” అంది నూకరత్నం. ఆమెకు ఏడుపూ నవ్వూ ఒకేసారి తన్నుకొచ్చాయి. “బియ్యం. మా పెద్దమ్మ చేటలో బియ్యం. రాళ్ళేరుతున్నాను నేను. రోజూ, మీ అందరి తలల్లో కూర్చుని రాళ్ళేరుతున్నాను.”

చేట అంటే ఏమిటో చేతులతో చేసి చూపించాల్సి వచ్చింది. వాళ్ళ పెద్దవాళ్ళు ఇలా కూర్చుని బియ్యం ఏరేవారని చెబితే పిల్లలు నమ్మలేదు. బియ్యంలో రాళ్ళెందుకు వేసేవారని అడిగింది ఒక పిల్ల.

ఇక పని చకచకా సాగింది. ఎవరి గీత వాళ్ళు పట్టుకోకూడదని నిబంధన. కాబట్టి సరంగులు ఒకరి తలగూడు ఒకరు పెట్టుకుని తెల్లగోడ ముందు బారుగా కూర్చున్నారు. అన్ని కుడిచేతులూ లేచి గాలిలో గింజలు ఏరడం మొదలుపెట్టాయి. నూకరత్నం వరస వెంట నడుస్తూ ఒక్కో తెర చూసింది. ఒకరి గీత కొంచెం వణికితే ఒప్పుకోలేదు, మళ్ళీ పట్టించింది. పెళ్ళని ఏమీ వదిలిపెట్టలేదు. ఎర్రతాడు కట్టిన తలగూడు మూలనే ఉండిపోయింది, దాని నావ ఆ రోజుకు ఆగిపోయింది.

అందరూ లేచాక ఎర్రయ్యమ్మ తన తలగూడు తెచ్చి నూకరత్నం తలకు పెట్టింది.

“ఇదెందుకప్పా?”

“నీ నెమ్మది నీకే కాసేపు ఇస్తన్నాను. కూర్చో.”

నూకరత్నం గోడ వైపు తిరిగింది. తవిటినాయుడు మళ్ళీ ప్రత్యక్షమయ్యాడు, అదే నవ్వు. ఆమె మనసు ఎగిరింది. మెత్త కణతలను నొక్కింది, జ్వరంగా ఉన్నప్పుడు నుదుటి మీద చెయ్యి వేసినట్టు. గాజులు గలగలమన్నాయి. చేట కుదిలింది. తవిటినాయుడు ఎక్కడికీ పోలేదు. చేట పక్కనే బాసింపట్టు వేసుకుని కూర్చుని, ఒక గింజ తీసి ఇది రాయా అని అడిగాడు. కాదంది. ఆయన మళ్ళీ గింజల్లోకి చూడసాగాడు.

“నిలకడ సరిపోయినది,” అంది తలగూడు.

డాక్టరు మాట మీద ఆమెకు ఒళ్ళు మండింది. ఇన్నాళ్ళూ ఎంత పిచ్చిదానిలా మేస్టారిని తిప్పించుకున్నాను అనుకుంది. కళ్ళు తుడుచుకుని, సంపెంగలు జడలో పెట్టుకుంది.

నావలు లేచాయి. పొద్దుటి నుంచీ అన్ని తలగూళ్ళ దొన్నెలూ తడిమి తడిమి పెళ్ళికూతురు తన చేతి పసుపు వాటికి అంటించిందని అప్పుడెవరూ చూసుకోలేదు. ఉప్పుదిబ్బలో దిగిన సరంగులందరి చెవుల పక్కనా పసుపు చూసి, ఇంతమంది పెళ్ళికొడుకులేటని తవిటినాయుడి మావయ్య కంగారుపడ్డాడు.

ముహూర్తానికి ముందే పెళ్ళివారు దిగారు. మంగళసూత్రం కట్టడం అయింది. తలంబ్రాల పళ్ళెం వచ్చింది. తవిటినాయుడు దోసిలి చాపాడు.

“ఆగు బాబూ,” అంది ఎర్రయ్యమ్మ. పళ్ళేన్ని తన వైపు లాక్కుని పీటల పక్కన చతికిలబడింది. సన్యాసిరావు వచ్చి కూర్చున్నాడు. ఒక్కరొక్కరే సరంగులందరూ చుట్టూ చేరి పళ్ళెంలో వేళ్ళు పెట్టారు.

“కార్ఖానా బియ్యం కదప్పా,” అన్నాడు తవిటినాయుడు, చాపిన దోసిలి చాపినట్టే ఉంచి. “రాళ్ళెక్కడుంటాయి?”

“ఉండవని నాకూ తెలుసు. అయినా ఏరకుండా మా గుంట తల మీద పొయ్యనిస్తామేటి?”

పంతులు గారు గడియారం చూసి, ఇంకా టైముందిలెమ్మని తానూ వంగి చూడసాగారు. ఎర్రయ్యమ్మ పళ్ళెం కుదిపినప్పుడల్లా ఆమె మట్టిగాజులు గలగలమంటున్నాయి. నూకరత్నం బాసికం కింద కళ్ళు మూసుకుని ఆ చప్పుడు వింటూ కూర్చుంది.